పై ఫ్లాట్‌లో గోలీలు

(హైదరాబాద్‌లో, సినిమా నేర్చుకుంటున్న కుర్రవాళ్ల ముందు ఒక సౌండ్ డిజైనర్ మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా? మైకు కొంచెం దగ్గరికి తెస్తా. సౌండువాడు మాట్లాడే రోజే మైకు మొరాయిస్తుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా.

ముందు ఒక్క ప్రశ్న. మీలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ. ఇప్పుడు ఇంకోటి. రాత్రి ఒంటిగంటా రెండింటి మధ్య పై ఫ్లాట్‌లో ఎవరో గోలీ జారవిడిచినట్టు టక్... టక్... టక్‌టక్‌టకటక అని ఎగిరి, ఆ తర్వాత మెల్లగా దొర్లుకుంటూ పోయినట్టు చప్పుడు విన్నవాళ్లు ఎంతమంది? దించకండి, అలాగే ఉంచండి. చూశారా, సగం మంది పైనే ఉన్నారు.

మియాపూర్‌లో ఉన్నా నాగోల్‌లో ఉన్నా ఇదే కథ. పైవాళ్లకి చిన్నపిల్లలు ఉండరు. ఒక్కోసారి మనుషులే ఉండరు, గేటుకి టులెట్ బోర్డు వేలాడుతూ ఉంటుంది. పొద్దున లిఫ్టులో పైఇంటాయన కనబడితే అడుగుదామనుకుంటాం, అడగం. ఎందుకంటే, 'అవునండీ, మాక్కూడా పైనుంచి వినబడుతోంది' అంటాడేమోనని.

చాలాసార్లు దానికి కారణం పైపులు. నీళ్లు జోరుగా పోతుండగా వాల్వు ఠక్కున మూసుకుంటే, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని పైపుని కొడుతుంది. వాటర్ హామర్ అంటారు. ఆ దెబ్బ గోడల్లోంచి, స్లాబులోంచి పాకి వస్తుంది కాబట్టి ఎటునుంచి వచ్చిందో చెవికి అందదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం తగ్గుతూ పోతే మన బుర్ర దానికి గోలీ అని పేరు పెడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా రాత్రి రెండింటికి అది వినబడితే దుప్పటి మెడదాకా లాక్కుంటా.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ దుప్పటి గురించే. హారర్ సినిమా తీసేవాళ్లు మా దగ్గరికి వచ్చి మొదట అడిగేది దెయ్యం గొంతు. 'అన్నా, ఇప్పటిదాకా ఎవరూ విననట్టు ఉండాలి' అంటారు. నేను, ముందు మీ వంటింట్లో ఫ్రిజ్ ఎలా మోగుతుందో చెప్పు తమ్ముడూ అంటాను. వాడికి కోపం వస్తుంది. దెయ్యాన్ని ఎవరూ చూడలేదు కాబట్టి అది ఎలా ఉన్నా తప్పుపట్టేవాడు లేడు. ఇంటిని మాత్రం అందరూ చూశారు. అక్కడ అబద్ధమాడితే టికెట్టు కొన్న ప్రతివాడూ పట్టేస్తాడు. పట్టుకున్నాక ఇక మీ దెయ్యం ఎంత అరిచినా వాడు పాప్‌కార్న్ తింటూనే ఉంటాడు.

మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు ఒక ఏడాది ఊళ్లో తలుపులన్నిటి మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. మీలో కాస్త వయసున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, చాలా ఊళ్లలో జరిగింది. రాత్రిపూట ఒక ఆడమనిషి వచ్చి, మనకు బాగా తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట. పలికితే అంతే సంగతులు. తలుపు మీద రేపు రమ్మని ఉంటే చదువుకుని వెళ్లిపోతుంది. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. దెయ్యానికి తెలుగు వచ్చు, తారీఖులు మాత్రం తెలియవు.

మా నాయన బడిపంతులు. దెయ్యాలు లేవని క్లాసులో పాఠం చెప్పే మనిషి. అమ్మ పోరు పడలేక ఆయన కూడా సుద్దముక్క తీసుకుని రాశాడు. గుండ్రటి దస్తూరీ. 'ఓ స్త్రీ' తర్వాత కామా కూడా పెట్టాడు. నాకు ఇప్పటికీ కళ్లముందు ఆ కామా కనబడుతుంది. పక్కింటివాళ్లు బొగ్గుతో గీకిన అక్షరాలు చూస్తే నవ్వొచ్చేది. మా నాయన కామా చూస్తే వణుకు పుట్టింది. ఎందుకంటే అబద్ధాలాట ఆడేవాడు కామా పెట్టడు.

1999లో 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' వచ్చింది. నేను దాన్ని ఆ తర్వాత రెండేళ్లకి, అమీర్‌పేటలో ఫ్రెండు రూములో, పద్నాలుగు అంగుళాల మానిటర్ మీద, గీతలు పడ్డ సీడీలో చూశాను. చూస్తూ నాకు గుర్తొచ్చింది మా నాయన సుద్దముక్కే. ముగ్గురు కుర్రవాళ్లు ఒక మంత్రగత్తె గురించి డాక్యుమెంటరీ తీయడానికి అడవిలోకి వెళ్లి తిరిగి రారు. వాళ్ల కెమెరాల్లో దొరికిన ఫుటేజీ ఇదీ అని సినిమా మొదలవుతుంది. డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ అని ఇద్దరు డైరెక్టర్లు. మేరీలాండ్ అడవుల్లో ఎనిమిది రోజులు తీశారు. నటులు సొంత పేర్లతోనే నటించారు. కెమెరాలూ వాళ్ల చేతిలోనే. సినిమా రాకముందే వెబ్‌సైట్ పెట్టి, ఆ మంత్రగత్తె చరిత్ర అంటూ పాత రికార్డుల్లాంటివి అల్లారు. 'వీరు కనబడుట లేదు' అని ఆ ముగ్గురి ఫోటోలతో పోస్టర్లు అంటించారు. ఇవన్నీ థియేటర్ బయటి పనులు, అంటే తలుపు మీద సుద్దరాతలు. జనం హాల్లోకి అడుగుపెట్టే సరికే సగం నమ్మేసి ఉన్నారు. కొన్ని వేల డాలర్లతో మొదలైన సినిమా ప్రపంచమంతా కలిపి 24 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది. మంత్రగత్తె ఒక్క షాట్‌లో కూడా కనబడదు.

సౌండువాడిగా నన్ను పడగొట్టింది ఇంకోటి ఉంది. రాత్రి ఆ ముగ్గురూ గుడారంలో పడుకుని ఉంటే బయటెక్కడో చిన్నపిల్లల గొంతులు. ఆ గొంతుల్ని తర్వాత స్టూడియోలో కలపలేదు. డైరెక్టర్లే టేప్ రికార్డర్లు పట్టుకుని చీకట్లో గుడారం చుట్టూ తిరుగుతూ వినిపించారు, గుడారాన్ని పట్టుకుని ఊపారు. ఏం జరగబోతోందో నటులకి ముందు చెప్పలేదు. అందుకే ఆ గొంతులు ఎంత దూరంలో ఉన్నాయో, మధ్యలో ఎన్ని చెట్లున్నాయో మైకులో పడింది. స్టూడియోలో రివర్బ్, అంటే ప్రతిధ్వని కలిపే నాబ్ తిప్పి దూరాన్ని తయారు చేయొచ్చు. ఆ గుడారం గుడ్డ వెనకాల ఊపిరి బిగబట్టిన మనిషి మాత్రం ఏ నాబ్‌లోనూ దొరకడు.

ఇక్కడ చప్పట్లు కొట్టేముందు ఒక మాట. ఆ నటులకి రోజురోజుకీ తిండి తగ్గించారు, చిరాకు నిజంగా రావాలని. ముగ్గురిలో ఒకరైన హెదర్ డోనహ్యూ చనిపోయిందనుకుని వాళ్లమ్మకి సానుభూతి కార్డులు వచ్చాయి. 2024లో ఆ ముగ్గురూ తమకు న్యాయంగా రావలసిన డబ్బు ఇవ్వమని బాహాటంగా అడగాల్సి వచ్చింది. సినిమా వచ్చిన పాతికేళ్ల తర్వాత. నిజంలా కనబడటం కోసం మనుషుల్ని నిజంగా బాధపెట్టడం ఒక దగ్గరిదారి. ఆ దారి నాకు ఇష్టం లేదు.

'ది ఎగ్జార్సిస్ట్' సంగతీ అంతే. 1973. ఒక పాపకి దెయ్యం పడుతుంది, దాన్ని వదిలించే కథ. డైరెక్టర్ విలియం ఫ్రీడ్‌కిన్ డాక్యుమెంటరీలు తీసి వచ్చినవాడు కాబట్టి ఆయనకి నిజం అంటే పిచ్చి. పాప పడకగది సెట్టు మొత్తాన్ని పెద్ద పెద్ద ఏసీ యూనిట్లతో గడ్డకట్టే చలికి దించేశారు, మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి రావాలని. మీరు ఆ సీను చూడండి, దెయ్యం సంగతి పక్కన పెట్టి ఆ ఆవిరి చూడండి. ఇద్దరు ఫాదర్లు మంత్రం చదువుతుంటే ప్రతి మాటకీ పొగ. ఎండాకాలం హైదరాబాద్‌లో కూర్చుని చూసినా చేతుల మీద రోమాలు లేస్తాయి. అది గొప్ప పని. కానీ అదే సినిమాలో పాప తల్లిగా వేసిన ఎలెన్ బర్స్టిన్‌ని తాడు కట్టి లాగితే ఆవిడ నడుముకి దెబ్బ తగిలింది. ఆ అరుపే సినిమాలో ఉంది. ఫైటర్లకి ప్రమాదం జరిగిన షూటింగులు నేనూ చూశా. ఆ అరుపు విన్నప్పుడు నాకు సినిమా కనబడదు, అంబులెన్సు కనబడుతుంది.

ఆ సినిమాలోనే నేను దండం పెట్టే పనులు వేరే ఉన్నాయి. పాప తల వెనక్కి తిరిగేటప్పుడు వినబడే పటపట శబ్దం మెక్సికో నుంచి వచ్చిన గొన్జాలో గవీరా అనే ఫోలీ ఆర్టిస్టు, అంటే వస్తువులతో శబ్దాలు పుట్టించేవాడు, చేసింది. ఒక పాత తోలు పర్సుని మైకు ముందు మెలితిప్పాడు. అంతే! ఎవరికీ దెబ్బ తగల్లేదు, పర్సుకి తప్ప. 1960లో హిచ్‌కాక్ 'సైకో'లో కత్తిపోట్లకి పుచ్చకాయ జాతి పండుని పొడిచి రికార్డు చేశారు. మా దగ్గర ఎముక విరగాలంటే క్యారెట్‌ని తడి తువ్వాల్లో చుట్టి విరుస్తాం. ఒకరోజు మా ఫోలీ గదికి కూరగాయల సంచితో వెళ్తుంటే వాచ్‌మన్ అడిగాడు, సార్ ఇవాళ ఎన్ని మర్డర్లు అని.

ఇప్పుడు ఒక చిన్న పని చేద్దాం. ఆ ఏసీ కట్టేయండి బాబూ. ఫ్యాన్లు కూడా. ఉక్కపోస్తుంది, ఒక్క నిమిషం ఓర్చుకోండి. ఫోన్లు చూడకండి. ఎవరూ మాట్లాడొద్దు. ఊరికే వినండి.

(నిశ్శబ్దం)

చాలు. ఏం వినబడింది? గడియారం, సరే. ఆటో. లిఫ్టు. ఇంకా? 'పక్కనున్నతని ఊపిరి', బాగా చెప్పావమ్మా. లైటు. అవును, ఆ ట్యూబులైటు చోక్ నేను వచ్చినప్పటినుంచీ గుయ్యిమంటోంది, మీకు ఇప్పుడు వినబడింది. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే కూర్చోబెట్టి, ఆ లైటు ఒక్కసారి టప్‌మని ఆరిపోతే మీలో సగం మంది అరుస్తారు. ఏసీ వేసేయ్ బాబూ.

దీన్నే మేం రూమ్ టోన్ అంటాం. ప్రతి గదికీ ఒక నిశ్శబ్దం ఉంటుంది, ఏ రెండు గదులకీ ఒకే నిశ్శబ్దం ఉండదు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో, గుట్ట మీదున్న బాలా హిస్సార్‌లో వినబడుతుంది. గైడు మీ అందరి చేతా కొట్టించే ఉంటాడు. చోటుకి గొంతు ఉంటుందని చెప్పడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. షూటింగ్ అయ్యాక సౌండువాడు, 'ఒక్క నిమిషం అందరూ కదలకండి, రూమ్ టోన్ తీసుకుంటా' అంటాడు. అప్పుడే ప్రొడక్షన్ వాళ్లకి ప్యాకప్ తొందర. 'ఖాళీ గది రికార్డు చేసేదేంటన్నా, ఖాళీయే కదా' అంటారు. ఆ ఖాళీలోనే కదా దెయ్యం ఉండేది.

మన తెలుగు సినిమాకి ఇక్కడ ఒక పాత జబ్బు ఉంది. లొకేషన్‌లో రికార్డయిన మాటని పైలట్ ట్రాక్ అంటాం, అంటే కేవలం గుర్తు కోసం. తర్వాత నటులు డబ్బింగ్ థియేటర్‌కి వచ్చి, ఏసీ గదిలో, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టుకుని అదే మాట మళ్లీ చెప్తారు. చాలాసార్లు హీరోయిన్ గొంతు ఆమెది కూడా కాదు. ప్రేమ పాటకి ముందు సీనులో ఇది చెల్లిపోతుంది. చీకటి మెట్ల మీద అమ్మాయి 'ఎవరూ?' అన్నప్పుడు చెల్లదు. బొమ్మలో ఆమె మెట్ల మీద ఉంది, గొంతు మాత్రం మన చెవి పక్కన పరుపు మీద కూర్చున్నట్టు ఉంటుంది. కన్ను ఒక మాట, చెవి ఒక మాట చెప్తే మనిషి భయపడడు, సినిమా చూస్తున్నానని గుర్తు తెచ్చుకుంటాడు. ఈ మధ్య సింక్ సౌండ్, అంటే లొకేషన్‌లో రికార్డయిన మాటనే వాడటం, పెరుగుతోంది, సంతోషం.

డబ్బింగే పాపం అని నేననను. ఎగ్జార్సిస్ట్‌లో దెయ్యం గొంతు దాదాపు మొత్తం డబ్బింగే, మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే పెద్ద నటి చెప్పింది. గొంతు చెడటానికి పచ్చిగుడ్లు మింగింది, సిగరెట్లు తాగింది, కుర్చీకి కట్టేయించుకుని చెప్పింది. అంటే, ఏసీ గదిలో కూర్చుని కూడా ఒళ్లంతటితో చెప్పింది. మనవాళ్లు ఆ సీను అయ్యేసరికి తర్వాతి డబ్బింగ్‌కి టైమవుతోందని వాచీ చూసుకుంటారు.

నా తప్పు కూడా ఒకటి చెప్తా, లేకపోతే ఊరికే అందర్నీ తిట్టినట్టుంటుంది. కెరీర్ మొదట్లో ఒక దెయ్యం సినిమా. పేరు వద్దు. కథంతా సిటీలో ఒక కాలనీలో. రాత్రి సీనుకి నేను సౌండ్ లైబ్రరీ తెరిచి, ఉన్నవాటిలో బాగా గుండె ఝల్లుమనే అరుపు ఒకటి వేశా. అమెరికాలో రికార్డు చేసిన తోడేలు. మిక్సింగ్‌లో అందరూ అదిరిందన్నారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి వెళ్లాం. సీను వచ్చింది, తోడేలు అరిచింది. బాల్కనీలోంచి ఒకడు, 'అరేయ్, కూకట్‌పల్లిలకు తోడేలు యాడికెళ్లొచ్చిందిరా!' అన్నాడు. హాలంతా నవ్వులు. ఆ తర్వాత దెయ్యం వచ్చినా నవ్వులే. ఆ ఒక్క అరుపుతో నేను సినిమాని చంపేశా. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు, పడుకుని వింటూ ఉంటే కాలనీ కుక్కలు అరుస్తున్నాయి. ఒకటి మొదలుపెట్టింది, సందు చివర ఇంకోటి అందుకుంది, తర్వాత దూరంగా మెయిన్ రోడ్డు అవతల నాలుగైదు. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. లేచి కూర్చున్నా. నేను వెయ్యాల్సింది తోడేలు కాదు, ఆ ఆగిపోవడం.

అప్పటినుంచి మన చప్పుళ్లు ఏరుకోవడం మొదలుపెట్టా. తీతువు పిట్ట ఉంది. రాత్రి దాని కూత ఇంటి మీదుగా పోతే ముసలివాళ్లు మంచం మీద లేచి కూర్చుంటారు, ఎవరికి మూడిందోనని. అమెరికా వాడికి అది ఒక పిట్ట. మనకి అది ఒక కబురు. బల్లి ఉంది. ఎవరో మాట్లాడుతుంటే గోడమీద బల్లి టిక్‌టిక్‌మంటే, ఆ మాట నిజమవుతుందని మనకో నమ్మకం. ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే వేలితో నేలమీద కొడతారు. ఇప్పుడు మీరు సీను ఊహించుకోండి. కోడలు అత్తగారితో, 'ఆయన రేపు వచ్చేస్తారు అత్తయ్యా' అంటుంది. బల్లి పలకదు. ముసలావిడ గోడ వైపు చూస్తుంది. కాసేపటికి చిన్నపిల్ల వచ్చి, 'నాన్న ఇంక రాడు' అని ఆడుకుంటూ అనేస్తుంది. టిక్ టిక్ టిక్. అంతే. ఏ గ్రాఫిక్సూ అక్కర్లేదు. ముసలావిడ వేలు నేలమీద కొట్టబోయి ఆగిపోవాలి. ఈ సీను ఎవరైనా వాడుకోండి, డబ్బులు అడగను.

ఉలిక్కిపడేలా చేయడం గురించి కూడా అడుగుతారు, ఢమాల్‌మని మోగించడం. అది తప్పు కాదు, అతి తేలిక. పెద్ద చప్పుడుకి రెప్ప పడటం మన ఆలోచనకంటే ముందే జరిగిపోతుంది, ఇంట్లో ప్రెజర్ కుక్కర్ కూడా ఆ పని చేస్తుంది. దాన్ని గొప్పగా వాడింది 1942 నాటి 'క్యాట్ పీపుల్'. రాత్రి నిర్మానుష్యమైన వీధిలో ఒకమ్మాయి నడుస్తోంది. వెనకాల ఇంకొకరి హైహీల్స్ చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోయింది. ఈమె వేగం పెంచింది. ఏదో మీద పడబోతోందని మనం ఊపిరి బిగబట్టగానే బుస్సుమని బుస కొట్టినట్టు ఒక శబ్దం. వచ్చి ఆగింది బస్సు. ఎయిర్ బ్రేకు. నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద ఇప్పటికీ ఈ ఎత్తుని ల్యూటన్ బస్ అంటారు. అందులో మోసం లేదు. బస్సు నిజంగా అలాగే బుసకొడుతుంది. రాత్రి పదకొండింటికి మెహిదీపట్నంలో లాస్ట్ బస్ కోసం నిలబడ్డవాళ్లని అడగండి.

ఇక ప్రేక్షకుడు ఎప్పుడూ వేసే ప్రశ్న: ఇంట్లో దెయ్యం ఉందని తెలిశాక వీళ్లు ఇల్లెందుకు ఖాళీ చేయరు? ఈ ప్రశ్న వచ్చిందంటే మీ సినిమా పడిపోయినట్టే. మన హైదరాబాద్‌లో దీనికి జవాబు ఎంత తేలికో చూడండి. రెండు నెలల అడ్వాన్స్ ఓనర్ దగ్గరుంది. ముందు చెప్పకుండా ఖాళీ చేస్తే పెయింటింగ్ అని, క్లీనింగ్ అని పట్టుకుంటాడు. పిల్లల స్కూలు వ్యాను ఈ సందులోకే వస్తుంది. సొంత ఫ్లాటయితే ఇంకా ఇరవై ఏళ్ల ఈఎంఐ. దెయ్యం వారానికి రెండుసార్లు వస్తుంది, బ్యాంకు మెసేజ్ ప్రతినెలా ఐదో తారీఖున వస్తుంది. దేనికి ఎక్కువ భయపడతాడు మిడిల్ క్లాస్ మనిషి?

విక్రమ్ కె. కుమార్ 2009లో తీసిన '13బి' చూడండి. కొత్త అపార్ట్‌మెంట్, పదమూడో అంతస్తు. మొదట్లో జరిగేవన్నీ చిన్న చిన్న చికాకులు. పాలు విరిగిపోతుంటాయి. లిఫ్టు అందరికీ పనిచేస్తుంది, మాధవన్ ఒక్కడు ఎక్కితే కదలదు. పూజగది గోడకి మేకు దిగదు. వీటిలో ఒక్కటీ దెయ్యం పని కానక్కర్లేదు, మన ఇంట్లో ఇవన్నీ జరిగాయి. అంతకు ముందే ఈ దారి వేసింది రామ్‌గోపాల్ వర్మ. 1992లో 'రాత్రి' తీసేనాటికి మన దగ్గర దెయ్యమంటే తెల్లచీర, పాడుబడ్డ బంగళా, పొగ. ఆయన దాన్ని తీసుకొచ్చి మామూలు కుటుంబం మధ్యలో, రేవతి లాంటి పక్కింటమ్మాయిలో పెట్టాడు. 2003లో 'భూత్' ముంబైలో ఒక హైరైజ్ ఫ్లాట్‌లో జరుగుతుంది, ఒక్క పాట లేదు. పాట ఎందుకు లేకూడదంటే, భయం పెరుగుతున్నప్పుడు స్విట్జర్లాండ్ చూపిస్తే ప్రేక్షకుడు కూడా స్విట్జర్లాండ్ వెళ్లిపోతాడు, మళ్లీ ఫ్లాట్‌లోకి రావడానికి అరగంట పడుతుంది. మాకు ఇంటర్వెల్ ఒకటి ఎలాగూ తప్పదు. దానికి తోడు దెయ్యం పట్టినవాడు సిగరెట్ వెలిగించగానే కింద ఆరోగ్యానికి హానికరం అని పడుతుంది. చచ్చినవాడికి కూడా.

ఒరెన్ పెలి 2007లో తీసిన 'పారానార్మల్ యాక్టివిటీ' గురించి రెండు ముక్కలు. శాన్ డియేగోలో సొంత ఇల్లే సెట్టు, 15 వేల డాలర్ల ఖర్చు, వారం రోజుల షూటింగ్. పడకగదిలో స్టాండు మీద కెమెరా, కదలదు. మూల టైము పరుగెడుతుంటుంది. మనం తెరంతా వెతుకుతూ కూర్చుంటాం, తలుపు అంగుళం కదిలితే చాలు. అప్పట్లో అది మనకి కొత్త. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్ మెట్ల మీదా సీసీ కెమెరా ఉంది, వాచ్‌మన్ గదిలో తొమ్మిది గళ్ల తెర ఉంది. ఆ తొమ్మిది గళ్లని ఇంకా ఎవరూ సరిగా వాడలేదని నా అభిప్రాయం.

అన్నీ నిజంలా ఉంటే డాక్యుమెంటరీ అవుతుంది కదా, భయం ఎక్కడినుంచి వస్తుంది అంటారు. మన ఒంటికి బాగా తెలిసినదాంట్లో ఒక్కచోట లెక్క తప్పితే వస్తుంది. 1998 జపాన్ సినిమా 'రింగు'లో సదాకో అనే దెయ్యం నడిచి వచ్చే సీను ఎలా తీశారో తెలుసా? నటిని వెనక్కి నడిపించి ఫిల్మ్‌ని తిరగేసి వేశారు. ఆ నడక మనిషిదే, ఒళ్లు మనిషిదే, ఒక్క కాలం మాత్రం తిరగబడింది. ఏం తేడానో కన్ను చెప్పలేదు, కడుపులో మాత్రం తెలుస్తుంది. సౌండ్‌లో కూడా ఇదే చేయొచ్చు. కాలనీల్లో రాత్రి గూర్ఖా తిరుగుతాడు చూడండి, విజిల్ వేస్తూ, కర్ర రోడ్డుకి తాటిస్తూ. మొదటి రాత్రి సీనులో దూరంగా విజిల్ వెయ్యండి. రెండో రాత్రి కూడా. ప్రేక్షకుడు దాన్ని మర్చిపోతాడు, మీ ట్యూబులైటు చోక్‌ని మర్చిపోయినట్టు. నాలుగో రాత్రి కర్ర చప్పుడు రావాలి. రోడ్డు మీద కాదు, గచ్చు మీద, హాల్లో.

సైన్స్ ఒకటి చెప్పి ముగిస్తా. ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో విక్ టాండీ అని ఇంజనీరు. ఆయన పనిచేసే ల్యాబులో దెయ్యం ఉందని చెప్పుకునేవారు. ఒక రాత్రి ఒంటరిగా పనిచేస్తుంటే చెమటలు పట్టాయి, కంటి కొసన బూడిదరంగు ఆకారం కనబడింది, తిరిగి చూస్తే లేదు. మర్నాడు కత్తిసాము పోటీకి తన కత్తి బాగుచేసుకుందామని దాన్ని బల్లకి బిగిస్తే, ఎవరూ ముట్టకుండానే ఆ కత్తి వణకడం మొదలుపెట్టింది. ఇంకొకరైతే పరుగు. ఈయన ఇంజనీరు కాబట్టి లెక్క కట్టాడు. కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను సెకనుకి 19 సార్లు గాలిని ఊపుతోంది. మన చెవి 20 లోపు పట్టుకోదు. చెవికి అందనిది ఒంటికి అందింది. ఫ్యాను సరిచేశారు, దెయ్యం పోయింది. 1998లో దీని మీద పేపర్ రాశాడు. అన్ని దెయ్యాలకీ ఫ్యానే కారణమని నేను చెప్పడం లేదు, తర్వాత ఇలాంటి పరీక్షలన్నీ ఒకేలా తేలలేదు కూడా. నాకు నచ్చింది వేరే. ఫ్యాను అని తెలిసేదాకా ఆయన చెమట అబద్ధం కాదు.

ఇంక ప్రశ్నలు. ఆ నీలం చొక్కా తమ్ముడు.

'సార్, ఇరవై లక్షల్లో ఒక హారర్ తీద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?'

ఇంట్లో మొదలుపెట్టు. ఒక రాత్రి పదకొండునుంచి ఐదుదాకా మేలుకుని, వినబడిన ప్రతిదీ టైముతో రాసుకో. ఫోన్లో రికార్డు చేసినా సరే. నేను రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరుంది. యూసుఫ్‌గూడలో రూములో ఉన్నప్పటిది. 11:40 లిఫ్టు, ఎవరో గేటు సరిగా వేయలేదు, 'ప్లీజ్ క్లోజ్ ద డోర్' అని ఏడు నిమిషాలు చెప్పింది, ఎవరూ వేయలేదు, తర్వాత దానంతటదే ఆగింది. 12:25 గూర్ఖా. 1:10 పక్కింటి ముసలాయన దగ్గు, నీళ్ల చెంబు. 2:05 గోలీ. 3:20 సంపు మోటరు, ఎవరు వేశారో తెలియదు. 4:30 పాలవాడు. ఏడు నిమిషాలు ఖాళీ లిఫ్టు మాట్లాడటం నేను రాసింది కాదు, జరిగింది. దానికి నువ్వు ఎంత ఖర్చు పెడతావు?

ఇంకెవరు? చివరి వరసలో, అమ్మా, మీరు. మైకు ఇవ్వండి ఆమెకి.

'సార్, మీరు మొదట గోలీల గురించి చెప్పారు కదా. మాకూ వినబడతాయి. కాకపోతే మాది టాప్ ఫ్లోర్.'

(నవ్వులు)

పైన ట్యాంకు ఉంటుంది కదమ్మా. ట్యాంకు పైపులన్నీ మీ స్లాబు మీదుగానే దిగుతాయి.

'ట్యాంకు పక్క బ్లాక్ మీద ఉంది సార్. మా పైన ఏమీ లేదు.'

మీరు ఏ ఏరియాలో ఉంటారమ్మా? ...సరే, వద్దులెండి, చెప్పకండి. రాత్రి నేను కూడా ఇంటికెళ్లాలి.